దాల్చినచెట్టుకు వకాల్తా

రాజాం నుంచి కళింగపట్నం వెళ్ళాలంటే బుద్ధున్న మనిషి తిన్నగా శ్రీకాకుళం మీదుగా వెళ్తాడు. నేను విజయనగరం వెళ్ళి, అక్కణ్ణుంచి శృంగవరపుకోట వెళ్ళి, కొండల మొహం చూసి, అప్పుడు సముద్రం వైపు తిరిగాను. దారి తెలియక కాదు. బయల్దేరినప్పుడు ఎక్కడికి వెళ్ళాలో నాకే తెలియదు. దసరా సెలవుల్లో మా బడి మేష్టర్లు కొందరు పుణ్యక్షేత్రాలకు వెళ్ళొచ్చారు. వాళ్ళు చెబుతుంటే అందరూ భక్తిగా విన్నారు. నా ప్రయాణం సంగతి చెప్పబోతే పడీపడీ నవ్వి, సగంలోనే లేచిపోయారు. అందుకే పూర్తిగా రాసి పెడుతున్నాను.

నేను హైస్కూల్లో డ్రాయింగు మేష్టరిని. అత్తవారి ఊళ్ళోనే ఉద్యోగం దొరకడంతో అత్తవారింట్లోనే ఒక వాటాలో కాపురం. ఆ ఇంట్లో గోడలు, గొడ్లు, నుయ్యి, నేను కూర్చునే కుర్చీతో సహా అన్నీ మా మామగారి సంపాదనే. నేను తెచ్చింది ఒక్కటే, ఒక దాల్చిన మొక్క. పెళ్ళయిన ఏడాది ఒక జమీందారుగారి తోటలో బొమ్మలు గీసుకుంటూ ఉంటే అక్కడి తోటమాలి జాలిపడి ఇచ్చాడు. చెక్క ఎలా తీయాలో అడగాలని నాకు తోచలేదు. పెరట్లో పాతాను. ఏడేళ్ళలో అది చూరు దాటి పెరిగింది. ఊళ్ళో కనపడ్డవాడికల్లా దాల్చినచెట్టు ఉన్నవాణ్ణని చెప్పుకున్నాను.

మొన్న వేసవిలో మా హెడ్మాస్టరుగారిని భోజనానికి పిలిచి, స్వయంగా ఉలీ సుత్తీ పట్టుకొని కాండం మీద చెక్క కొట్టి పలావులో వేయించాను. ఆయన చాలాసేపు నమిలి, పంటి సందులోంచి పేడు తీసి, విస్తరి పక్కన పెట్టి, పలావు చాలా గట్టిగా కుదిరిందన్నారు. ఆ మర్నాడే మా బావమరిది సూరి గొడ్డలికి సాన పట్టడం మొదలుపెట్టాడు. చెట్టు కొట్టేస్తే అక్కడ బండికి పాక వేసుకోవచ్చని వాడి ఆలోచన. వాడూ వాడి భార్యాపిల్లలూ పక్క వాటాలోనే ఉంటారు కాబట్టి ఆ గొడ్డలి చప్పుడు నాకు రోజూ వినపడేది. మా ఆవిడ పైడమ్మ ఏమీ అనలేదు. అననంత మాత్రాన నా పక్షమని అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

చివరికి గడువు పెట్టుకున్నాం. దసరా సెలవులు అయ్యేలోగా, ఈ చెట్టుకు పనికొచ్చే చెక్క వస్తుంది, నరకొద్దు అని తెలిసిన మనిషి ఎవరిచేతైనా చెప్పించుకొని రావాలి. లేకపోతే బడి తెరిచిన రోజు గొడ్డలి. నేను బొటనవేలంత కొమ్మ ఒకటి, కేరియర్ నిండా ఆకులు, నేను గీసిన చెట్టు బొమ్మ తీసుకొని బస్సెక్కాను.

విజయనగరం

ఊళ్ళో దిగగానే హోటల్లో ఇడ్లీ తిన్నాను. పావలాకి రెండు ఇడ్లీలు, మెత్తగా ఉన్నాయి. కాని మా రాజాంలో చట్నీ మళ్ళీ అడిగితే గరిటెడు వేసి, ఇంకా కావాలా అంటారు. ఇక్కడ మళ్ళీ అడిగితే సర్వరు నా మొహం, నా చెప్పులు చూసి ఆలోచించి వేశాడు.

గంటస్తంభం దాటి బజారులో సుగంధద్రవ్యాలు అమ్మే శెట్టిగారి కొట్టు పట్టుకున్నాను. తెల్లటి మనిషి, చెవులకు పోగులు. దాల్చినచెక్క ఎలా తీస్తారని అడిగితే డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి తీసి చూపించాడు. అది కాదండీ, చెట్టు నుంచి అన్నాను. ఆయనకు అదొక కొత్త సంగతిలా ఉంది.

"మా తాత కాలం నుంచీ ఇది డబ్బాలోంచే వస్తాది మేస్టారూ. సెట్టు సంగతి నాకేటి తెలుస్తాది?" అన్నాడు.

నా బొమ్మ తీసి చూపించాను. కొట్లో ఉన్న ముగ్గురూ తొంగి చూశారు. ఒకాయన పనస అన్నాడు. ఒకాయన మామిడి అన్నాడు. మూడో ఆయన తిరగేసి పట్టుకొని, ఏదో పక్షి అన్నాడు. ఏడేళ్ళుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్న నాకు తల కొట్టేసినంత పనైంది.

శెట్టిగారు మాత్రం మర్యాదస్థుడు. సింహళం నుంచి వచ్చే మేలు రకం అని, ఈ మధ్య దొరకడం లేదని, లోపలి డబ్బాలోంచి ఒక గొట్టం తీసి అరచేతిలో పెట్టాడు. అంత పల్చటి చెక్క నేను ఎప్పుడూ చూడలేదు. కాగితం పొరలు ఒకదానిలో ఒకటి చుట్టి చుట్టలా చేసినట్టుంది. నలిపితే పొడైపోయింది, వేళ్ళకు సాయంత్రం దాకా వాసన. నేను ఉలితో కొట్టిన చెక్క ఒక పెచ్చు జేబులో ఉంటే ఆయనకు ఇచ్చాను. ఆయన కొరికి, పక్కకు తిరిగి, చాలా నెమ్మదిగా ఉమ్మి, దీంతో మంచం కోళ్ళు చేయించుకోవచ్చన్నాడు. అలాంటి చెట్టు పెరట్లో ఎందుకు, నరికేయమని కూడా సలహా ఇచ్చాడు. చెట్టు బెరళ్ళ సంగతి కొండవాళ్ళకు తెలుస్తుంది, కోట సంతకు వెళ్ళమని దారి చూపించాడు.

శృంగవరపుకోట సంత

మర్నాడు సంత. కొండల మీంచి దిగిన అల్లం, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, పనసతొనలు. మా వైపు సంతలో బేరం అంటే పోట్లాటే. ఇక్కడ కొండవాళ్ళు ఒక ధర చెప్పి ఊరుకుంటారు. కొంటే కొను, లేకపోతే ఎండలో నిలబడకు అన్నట్టు చూస్తారు. నేను అలవాటు కొద్దీ చీపురుకు బేరమాడి, అవతలివాళ్ళు మాట్లాడకపోవడంతో నాతో నేనే పోట్లాడుకొని, మొదటి ధరకే కొన్నాను. చీపురుతో ఏం చేయాలో తెలియక, మిగతా ప్రయాణమంతా దాన్ని మోశాను.

ఒక ముసలమ్మ ముందు ఎర్రటి బెరడు కుప్ప పోసి ఉంది. వాసన చూశాను. ఏమీ లేదు. తెలిసినవాడు నమిలి చూస్తాడని శెట్టిగారి దగ్గర నేర్చుకున్నాను కదా, గంభీరంగా ఒక ముక్క విరిచి దవడన పెట్టుకొని బాగా నమిలాను. ముసలమ్మ ఆశ్చర్యంగా చూసింది. చుట్టుపక్కల వాళ్ళను కూడా పిలిచి చూపించింది. అప్పటికి నా నాలుక ముడుచుకుపోయింది, పెదవులు దగ్గరికి లాక్కుపోయాయి.

"అది తోళ్ళు ఊనడానికి బాబూ. మనుసులు తినరు," అని అప్పుడు చెప్పింది.

తోళ్ళు పదును పెట్టే తంగేడు బెరడు. చెట్టు మీద పూలతో ఉంటే మా ఊరి పిల్లవాడు కూడా పోలుస్తాడు. వలిచి ఎండబెడితే నాకు తెలియలేదు. ఆ తర్వాత గంటసేపు నాకు మాట రాలేదు. వచ్చిన మాట కూడా ఈల వేసినట్టు వచ్చింది.

మాట లేనివాణ్ణి కాబట్టి కేరియర్ తెరిచి ఆకు చూపిస్తూ తిరిగాను. అల్లం అమ్మే ఒక కొండమనిషి దాన్ని నలిపి వాసన చూసి, ఆకు మీద ఉన్న మూడు ఈనెలు గోటితో లెక్కపెట్టి, తమ కొండ మీద కూడా దీని బంధువు ఉందని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా చెట్టు ఎంతుందో చేతులతో చూపించాను. చూరు దాకా, ఇంకా పైకి. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను.

"అంత ముసలి సెట్టు సెక్క ఎవుడు తింటాడు? నరికీ," అని ఆకు చెవి వెనక పెట్టుకొని అల్లం తూచుకున్నాడు.

వాదించడానికి నోరు లేదు. మా సూరి నాకంటే ముందే బస్సెక్కి ఊరూరా చెప్పి పెట్టాడేమోనని నిజంగా అనుమానం వచ్చింది.

నా అవస్థ చూసి, ఎండుచేపల గంప ముందు కూర్చున్న ఒకావిడ నవ్వి నవ్వి అలిసిపోయి, బెల్లంముక్క ఇచ్చింది. చప్పరించమంది. కొంచెం మాట వచ్చాక నా కథంతా అడిగి చెప్పించుకుంది. పేరు ఎర్రమ్మ, ఊరు కళింగపట్నం. ఎండుచేపలు తెచ్చి కోట సంతలో అమ్ముకొని, చింతపండు కొనుక్కుపోతుంది. కేరియర్‌లోకి తొంగి చూసి ఆకు తీసి వాసన చూసింది.

"ఇదా? ఇది మా ఇంటి ఎనకాల ఉన్నాది. మా ముసిలోడు సింహళంలో పదకొండేళ్ళు ఇదే పన్జేసినాడు. రేపు నాతో రా మేస్టారూ," అంది.

బస్సులో

మూడో రోజంతా ఎర్రమ్మ వెనకాల చీపురు, కేరియర్ పట్టుకొని బస్సులు మారాను. అమ్ముడుపోని ఎండునెత్తళ్ళు ఇంకా సగం గంపలో ఉన్నాయి. ఆ గంప ఆవిడ ఒళ్ళోనూ, సగం నా ఒళ్ళోనూ. విజయనగరం దాటాక ఒక పంచెకట్టు పెద్దమనిషి ముక్కు మూసుకొని వాసన ఎక్కణ్ణుంచి అని గట్టిగా అడిగాడు. ఎర్రమ్మ ఏ మాత్రం తొణక్కుండా, మేస్టారి కేరేజీలో నాలుగు రోజుల కూరేదో ఉన్నట్టుందని చెప్పింది. అందరూ నన్ను చూశారు. కండక్టరు చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఎలా అని బాధపడ్డాడు. శ్రీకాకుళం దాకా నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. వరి పొట్టమీదుంది.

కళింగపట్నం

వంశధార అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు ఇసుక మీద పడవలు, దీపస్తంభం, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఎండేసిన చేపలు. మా వైపు వాకిట్లో ముగ్గు వేస్తే తొక్కకూడదంటారు. ఇక్కడ నెత్తళ్ళు తొక్కకూడదు. వాకిట్లో నడవడం నేర్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

ఎర్రమ్మ భర్త నూకన్న. డెబ్భై ఏళ్ళుంటాయి, ఒంట్లో అన్నీ ఎముకలే. వయసులో ఓడలో పనికి వెళ్ళి, సింహళంలో జ్వరంతో దిగిపోయి, అక్కడే దాల్చినతోటల్లో చెక్క వలిచే పనిలో కుదిరాడట. వచ్చేటప్పుడు గింజలు పంచె కొంగున కట్టుకొచ్చాడు. ఏ ఏడాదో అడిగితే తుఫాను వచ్చిన ఏడాది అన్నాడు. అక్కడ తుఫాను రాని ఏడాది లేదు.

చెట్టు చూపించమన్నాను. గుడిసె వెనక్కి తీసుకెళ్ళాడు. ఇసుకలో నడుం ఎత్తు పొద ఒకటి ఉంది. దాన్ని దాటి అవతలికి వెళ్ళి, చెట్టు ఏదని అడిగాను. ఆ పొదే చెట్టు. జానెడు మోడు నుంచి పది పన్నెండు చువ్వలు తిన్నగా లేచాయి. కొసల్లో లేతాకులు ఎర్రగా ఉన్నాయి. నేను తెగులనుకొని పాపం అన్నాను. కొత్తాకు ఎర్రగానే పుడుతుందని, అది పచ్చబడ్డాక, వాన పడి నీరెక్కినప్పుడు కోస్తే చెక్క వదులుతుందని ఆయన ఓపికగా చెప్పాడు.

నాలుగో రోజు పొద్దున్నే, రాత్రి కురిసిన వాన ఇంకా ఆకుల మీద ఉండగా, ఒక చువ్వ కోశాడు. వంకీ కత్తితో పై గోధుమరంగు పొట్టు గీకేశాడు. ఇత్తడి కడ్డీతో చువ్వంతా గట్టిగా రుద్దాడు. ఈ పక్కా ఆ పక్కా రెండు గాట్లు నిలువునా పెట్టి, కత్తి మొనతో కొంచెం లేపాడంతే, చెక్క జారి చేతిలోకి వచ్చింది. లోపలి పుల్ల తెల్లగా, తడిగా మిగిలింది. మరో మూడు చువ్వలు వలిచి, ఒకదానిలో ఒకటి పెట్టి, నీడలో తాడుకు వేలాడదీశాడు. పక్క తాడుకు నెత్తళ్ళు. ఎండి చుట్టుకోవడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందట.

నేనూ చేస్తానన్నాను. నా చువ్వకు చెక్క రవ్వల కింద ఊడింది. దానికంటే నా బొటనవేలి చర్మం తేలిగ్గా ఊడింది. ఎర్రమ్మ గుడ్డ కట్టింది. నేను ఇంటి నుంచి తెచ్చిన కొమ్మ ఇచ్చి దీన్ని వలవమంటే, నూకన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, చచ్చి నాలుగు రోజులైందన్నాడు.

మధ్యాహ్నం ఆ దాల్చినాకు వేసి చేపలపులుసు పెట్టారు. మా ఇంట్లో చేపలపులుసులో మసాలా ఆకు వేస్తే మా అత్తగారు విస్తరి ముందు నుంచి లేచిపోతుంది. నేను మూడుసార్లు వేయించుకున్నాను. తిన్నాక, నాలుగు రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. చూరు దాటిన ఏడేళ్ళ చెట్టు ఉంది, దాన్ని ఏం చెయ్యాలి?

"నరికీండి," అన్నాడు నూకన్న.

నాకు నిజంగా కోపం వచ్చింది. నరకొద్దని చెప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చాను, తోలు బెరడు నమిలాను, బస్సులో పరువు పోగొట్టుకున్నాను, మీరూ ఇదే మాటా అని కేకలేశాను. ముసలాయన చుట్ట వెలిగించుకొని నేను ఆగేదాకా ఆగాడు.

"సెట్టుగా పెంచితే పిట్టలకి మేస్టారూ. సెక్క కావాలంటే మోడు సెయ్యాల. జానెడుంచి నరికీండి. సుట్టూ సువ్వలు లేస్తాయి. రెండేళ్ళకి బొటనేలంత అవుతాయి. ఆటికి ఊడతాది సెక్క."

తప్పకుండా చిగురిస్తుందా అని అడిగాను. ఆయన సముద్రం వైపు చూశాడు.

"ఏటకెళ్ళినోడు తప్పకుండా వస్తాడా అంటే ఏటి సెప్తాను? సానామంది వస్తారు."

బయల్దేరేటప్పుడు, అంతకు ముందెప్పుడో ఎండబెట్టిన చెక్క గొట్టాలు నాలుగు తాటాకులో చుట్టి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. తన బొమ్మ గీసిమ్మన్నాడు. కట్టుకట్టిన వేలితో శ్రద్ధగా గీశాను. ఎర్రమ్మ చాలాసేపు చూసి, ఇందులో తన మొగుడు ఎవరు, పడవ ఏది అని అడిగింది. చీపురు ఆవిడకు ఇచ్చేశాను. దాని విషయంలో మాత్రం ఎంతో సంతోషించింది.

రాజాం

దారి పొడవునా ఒకటే బాధ. చెట్టు నరకకూడదని దెబ్బలాడినవాణ్ణి, నరకమని సూరికి ఎలా చెప్పను? వాడి నవ్వు ఊహించుకుంటేనే ఒళ్ళు మండింది.

పెరట్లోకి అడుగుపెట్టేసరికి చెట్టు కింద నులకమంచం, మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద అన్నం. పైడమ్మ చెట్టుకు ఆనుకొని వంకాయలు కోస్తోంది. నేను వెళ్ళిన మర్నాడే సూరి, గడువు సంగతి మరిచిపోయి, ఒక్క కొమ్మ కొట్టుకుంటానని గొడ్డలితో వచ్చాడట. ఆవిడ వంట సామానంతా తెచ్చి చెట్టు కింద పెట్టుకుంది. తమ్ముడిచేత పైడితల్లమ్మ మీద ఒట్టు వేయించుకుంది, చెట్టు మీద చెయ్యి వేయనని. వాన వస్తే గొడుగు పట్టుకొని వండింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చెప్పారు ఇదంతా. తను చెప్పలేదు.

నాకు చాలా సంతోషం వేసింది, వెంటనే చాలా భయం వేసింది. కాళ్ళు కడుక్కొని, అన్నం తిని, తాటాకు పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను. ఒక గొట్టం విరిచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. కొంచెం నెత్తళ్ళ వాసన కూడా వచ్చి ఉండాలి, అయినా కళ్ళు పెద్దవయ్యాయి. మన చెట్టుకూ ఇలాంటిదే వస్తాదా అంది. వస్తుందన్నాను. ఎలా అంది. అప్పుడు చెప్పాను.

దడి అవతల నుంచి వింటున్న సూరి నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. వాడు నవ్వడం అయ్యాక, సరే నువ్వే నరుకు అన్నాను. వాడు ఠక్కున లేచి గొడ్డలి దూరంగా పెట్టాడు.

"అప్ప ఒట్టేయించుకున్నాది బావా. నాను ముట్టుకోను."

పైడమ్మ తలెత్తి చెట్టు పైకి చూసింది. తర్వాత అంది, "ఈ ఇంట్లో మీరు తెచ్చినది ఇదొక్కటే గదా అని కాసినాను. నరికితే మళ్ళీ సిగురు వస్తాదా?"

"చాలా మటుకు వస్తుందన్నాడు."

"రాకపోతే?"

 ఆవిడ తాటాకు పొట్లం మంచం మీద పెట్టింది.

"తిరిగొచ్చింది మీరు. ఆ ముసలాయన సెయ్యి సూసింది మీరు. మీకు నమ్మకం ఉన్నాదా లేదా, అది సెప్పండి."

ఉందన్నాను. ఆ ఇంట్లో అంత గట్టిగా నేను ఏ మాటా చెప్పి ఎరగను. ఆవిడ వెళ్ళి గొడ్డలి తెచ్చుకుంది. మొదటి దెబ్బ తనే వేస్తానంది, ఎవరో నరికారని తర్వాత ఏడవకూడదట. రెండో దెబ్బ నేను వేశాను, అది నేలకు తగిలింది. మూడోది మంచం కోడుకు తగిలింది. ఒట్టు వేసిన సూరి, దూరం నుంచే గొడ్డలి ఎలా పట్టుకోవాలో కేకలేసి చెప్పాడు. చివరికి పైడమ్మే పడగొట్టింది. జానెడు మోడు మీద పేడ మెత్తి, చేతులు కడుక్కొని, ఇకమీద సెలవులకు ఇంట్లోనే ఉండమంది. నేను ఒకసారి ఊరెళ్ళొచ్చేసరికి ఒక చెట్టు పోయింది కదా, ఇంకోసారి వెళ్తే ఏం పోతుందో అని.

ఇది జరిగి నలభై రోజులైంది. బడిలో అందరూ మోడు మేష్టరు అంటున్నారు. సూరి ఆ ఖాళీ చోట ఇంకా పాక వెయ్యలేదు, అడిగితే తొందరేమిటంటున్నాడు. పైడమ్మ రోజూ పొద్దున పొయ్యి రాజేసే ముందు పెరట్లోకి వెళ్ళి, మోడు దగ్గర వంగి చూసి వస్తోంది. నేను పడుకున్నట్టు నటిస్తున్నాను. ఏ పొద్దునా ఏమైందని అడిగే ధైర్యం చెయ్యలేదు. ఈ చివరి పేజీ ఇవాళ పొద్దున్నే లేచి రాస్తుంటే పెరట్లోంచి కేకేసింది.

"ఏటండీ, బేగి రండి. ఎర్రగా ఏదో వచ్చింది."